చంపకమాలలో ఇరవై అంకెలు

రాజంపేటకు నేను ఒక సంఖ్య కోసం వెళ్లాను. దాంట్లో ఇరవై అంకెలుంటాయి: 1,84,46,74,40,73,70,95,51,615. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టించుకుంటూ అరవై నాలుగు గళ్లూ నింపితే వచ్చే మొత్తం అది. ఈ లెక్క చాలా దేశాలు తిరిగింది. క్రీస్తు శకం 1000 ప్రాంతంలో అల్ బిరూని దీన్ని కట్టాడు. 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్, చదరంగం కనిపెట్టిన మేధావి రాజును గింజలు అడిగిన కథతో కలిపి చెప్పాడు. మన తెలుగులో పావులూరి మల్లన పేరు మీద ఒక చంపకమాల ఉంది. ఇరవై అంకెలూ ఆ ఒక్క పద్యంలో ఉన్నాయి.

ఆ పద్యం నాకు మొదట వినిపించింది మా హైస్కూలు లెక్కల సారు. రిటైరయ్యాక ఆయన రాజంపేటలో స్థిరపడ్డారు. పద్యాన్ని ఆయన నోటనే ఇంకోసారి విని, దాన్ని విప్పి చూడాలని చాలాకాలంగా నా కోరిక. మనం సంఖ్యలను పెద్దవని మెచ్చుకుని వదిలేస్తాం. కోటి అంటే నోరు తెరుస్తాం, లక్ష కోట్లు అంటే మాట్లాడం. ఆ పెద్దతనం లోపల ఏముందో, అది దేనితో కట్టిన కట్టడమో చూడకపోతే ఆ సంఖ్య మనకు తెలిసినట్టు కాదు.

కడపలో పొద్దున్నే బస్సెక్కాను. భాకరాపేట దాటాక దారి పక్కన ఎర్రమట్టి, ఒంటిమిట్ట దగ్గర గోపురం, ఆ తర్వాత మామిడి తోటలు. నందలూరులో నా పక్క సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. ఒళ్లో కొబ్బరి చిప్పలున్న సంచి. సౌమ్యనాథుడి గుడిలో ప్రదక్షిణలు చేసి వస్తోంది. "కోరుకునేటప్పుడు తొమ్మిదిసార్లు తిరగాల నాయనా. అది తీరినాక నూట ఎనిమిది తిరగాల," అంది. ఆ గుడికి స్తంభాలు కూడా నూట ఎనిమిదేనని చెబుతారు. 108 నాకు ఎప్పుడూ ఇష్టమైన సంఖ్య. ఒకటిని ఒకసారి, రెండును రెండుసార్లు, మూడును మూడుసార్లు వేసి అన్నిటినీ గుణిస్తే 108 వస్తుంది. 1 × 2 × 2 × 3 × 3 × 3. ఆవిడకు ఈ మాట చెబితే వేళ్ల మీద లెక్కేసుకుని, "అవును కదప్పా!" అని ఇంతలేసి కళ్లు చేసుకుని చూసింది.

సారు ఇల్లు స్టేషనుకు దగ్గర్లోనే. బొంబాయి, మద్రాసు రైలు మార్గం అది, గూడ్సు బండ్లు పోతూనే ఉంటాయి. అరుగు మీద నీళ్ల చెంబు పెట్టి అమ్మగారు, "కాళ్లు కడుక్కో నాయనా, సంగటి వేడిగా ఉండాది," అన్నారు. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి. తిన్నాక సారు చదరంగం పలక తెచ్చారు. అమ్మగారు చేటలో బియ్యం పోసిచ్చారు. డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్న మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి మా మధ్య కూర్చుంది.

మొదటి వరుస ఎనిమిది గళ్లకు 255 గింజలు. ఓపికగా లెక్కపెట్టి పోశాం. ఎనిమిదో గడిలో 128 గింజలు చిన్న గుట్టగా నిలబడ్డాయి. తొమ్మిది, పది గళ్లలో గుట్టలు పక్క గళ్లలోకి జారాయి. అక్కడ చేతులు ఆపి కాగితం తీశాం. వెయ్యి గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకున్నాం. పదహారు గళ్లకు 65,535 గింజలు, అంటే కిలో మూడు వందల గ్రాములు. ఇరవై గళ్లకు 10,48,575. పాతిక కిలోల మూట ఇంకా నిండలేదు. ముప్పై రెండు గళ్లు, అంటే సగం పలక, 429,49,67,295 గింజలు, ఎనభై ఆరు టన్నులు, ఏడెనిమిది లారీలు. నలభై గళ్లకు దాదాపు 22 వేల టన్నులు. గూడ్సు బండి ఒకటి రెండున్నర వేల టన్నులు మోస్తుందనుకుంటే ఇంటి ముందు నుంచి తొమ్మిది బండ్లు పోవాలి. ఇంకా ఇరవై నాలుగు గళ్లు మిగిలే ఉన్నాయి. అరవై నాలుగూ నిండేసరికి 36,893 కోట్ల టన్నులవుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం యాభై రెండు కోట్ల టన్నులకు అటూ ఇటూ. అంటే ఏడు వందల ఏళ్ల పంట.

"బరువు పక్కన పెట్టు. గడి గడికీ ఏం జరుగుతాందో చూడు," అన్నారు సారు. ప్రతి గడిలోనూ అంతకుముందు గళ్లన్నిట్లో ఉన్నదానికంటే సరిగ్గా ఒక్క గింజ ఎక్కువ. మొదటి మూడు గళ్లలో 1, 2, 4, మొత్తం 7. నాలుగో గడిలో 8. మొదటి నాలుగింట్లో 15, ఐదో గడిలో 16. అందుకే మొత్తం కావాలంటే అరవై నాలుగూ కూడనక్కర్లేదు. అరవై ఐదో గడి ఉంటే అందులో ఎన్ని ఉండేవో కనుక్కుని ఒకటి తీసేస్తే చాలు.

ఆ అరవై ఐదో గడికి పోవడానికి కూడా అరవై నాలుగు అడుగులు వేయక్కర్లేదు. రెండును దానితోనే గుణిస్తే 4. నాలుగును దానితోనే గుణిస్తే 16. ఆ తర్వాత 256, తర్వాత 65,536, తర్వాత 429,49,67,296. ఇంకొక్కసారి గుణిస్తే అయిపోయింది. ఆరే ఆరు గుణకారాలు. ఈ ఉపాయం చాలా పాతది. ఛందశ్శాస్త్రంలో పింగళుడు గురువు లఘువుల అమరికలు ఎన్నో లెక్కించడానికి దీన్నే వాడాడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్ష నృపతుంగుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాసి గుణశ్రేఢులకు దీన్ని చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. జైనుడైన మహావీరాచార్యుడి పుస్తకాన్ని శైవుడైన మల్లన తనదిగా చేసుకుని పద్యాల్లో లెక్కలు చెప్పాడు. రాజరాజనరేంద్రుని కాలానికి చెందినవాడని సాహిత్య చరిత్రలు రాస్తాయి. తెలుగులో కావ్యం పుట్టిన తొలి రోజుల్లోనే గణితం కూడా పద్యమైందని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ సంగతి మన బడిపిల్లలకు చెప్పే దిక్కు లేకపోవడం బాధగానూ ఉంటుంది.

ఆరో గుణకారం అరుగు మీద కాగితం పరిచి నేను చేశాను. పదంకెల సంఖ్యను పదంకెల సంఖ్యతో. పది వరుసలు, మధ్య మధ్య వక్కపొడి. అవతల మనవరాలు ఫోనులో కొట్టింది. ఫోను 1.844674407 అని చూపించి, పక్కన ఇ పెట్టి 19 అంది. "తాతా, తోక కోసేసింది," అంది ఆ అమ్మాయి. ముందు పది అంకెలే మిగిలాయి. అప్పుడు సారు పద్యం ఎత్తుకున్నారు.

పద్యం ఇక్కడ రాయను, దాని కీలు మాత్రం చెబుతాను. ఇందులో ఒక ఆరుకు తప్ప అంకెలకు అంకెల పేర్లు లేవు, వస్తువుల పేర్లున్నాయి. చంద్రుడంటే ఒకటి, ఎందుకంటే చంద్రుడు ఒక్కడే. అగ్ని అంటే మూడు, త్రేతాగ్నులు. వేదమంటే నాలుగు. మన్మథుడి బాణాలు ఐదు. తర్కాలు ఆరు, కులపర్వతాలు ఏడు, దిక్కులు మోసే ఏనుగులు ఎనిమిది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది, ఆకాశం సున్నా. దీన్ని భూతసంఖ్య అంటారు. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఒకట్ల స్థానం ముందు. సారు ఒక్కో మాటా చదువుతుంటే మనవరాలు కాగితానికి కుడి అంచు నుంచి రాసుకుంటూ వచ్చింది. మన సంఖ్యలో ఒకట్లు మూడున్నాయి. కవి చంద్రుణ్ణి మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ వేరే పేరుతో. ఏడులు కూడా మూడే. మూడు చోట్లా కొండే, మళ్లీ మూడు వేరు పేర్లు. రెండు సున్నాలకు రెండు ఆకాశాలు. నాలుగు నాలుగులకు రెండు సముద్రాలు, ఒక వేదం, బ్రహ్మ ముఖాలు. చివర చల్లని కిరణాలవాడు వచ్చి ఎడమ కొసన ఒకటై నిలబడ్డాడు. ఆమె కాగితం, నా గుణకారంలోంచి ఒకటి తీసేసిన ఫలం పక్కపక్కన పెట్టాం. ఇరవైకి ఇరవై.

ఆ అమ్మాయి కాసేపు అంకెల వైపే చూసి, "అంకుల్, ఇది మా సి లాంగ్వేజ్‌లో ఉండే నంబరు," అంది. అరవై నాలుగు బిట్ల గడిలో పట్టే అన్నిటికంటే పెద్ద పూర్ణసంఖ్య. ఒక్కో బిట్టూ ఒక్కో చదరంగపు గడి. అన్నిట్లోనూ ఒకటి పెడితే ఇదే వస్తుంది. తమ క్లాసులో దీన్ని చివరి హద్దుగా చెబుతారనీ, తాత నోట్లో పద్యంగా ఉందని తనకు తెలియదనీ ఆమె అంది. సారు ముఖం వెలిగిపోయింది.

ఇక్కడ సారు నన్నొక ప్రశ్న అడిగారు. నేను దానికోసమే వచ్చానని నాకు అప్పుడు అర్థమైంది. "వెయ్యేండ్లు నోటి మీద వచ్చిన పద్యం. తాటాకు నుంచి తాటాకుకు ఎక్కింది. అంకె ఒకటి మారిపోలేదని ఏం నమ్మకం?" పద్యమైతే గణాలు కాపాడతాయి, యతి కాపాడుతుంది, ప్రాస కాపాడుతుంది అన్నాను. అవి సగం కాపలా, అన్నారాయన. మొదటి పాదంలో ఒక ఐదుకు కవి సాయక అన్నాడు, అంటే బాణం. ఎవరైనా పొరబడి సాగర అని పాడితే? గురువు, లఘువు, లఘువు, రెండూ ఒకటే తూకం. గణం చెడదు. యతిస్థానంలో సా అలాగే ఉంది, యతీ చెడదు. చెవికి తేడా తెలియదు. కానీ సాగరమంటే నాలుగు. ఐదు పోయి నాలుగు వచ్చింది.

"ఇప్పుడు ఎవరు పట్టుకుంటారు దొంగను?" అన్నారు సారు.

మూడు పట్టుకుంటుంది. సరైన సంఖ్యలో అంకెలన్నీ కూడితే 87. అది మూడుతో పోతుంది, కాబట్టి సంఖ్యా మూడుతో పోతుంది. సాగర వస్తే కూడిక 86. మూడుతో పోదు. లక్ష కోట్లకు పైన, వెయ్యి కోట్ల స్థానంలోనో లక్షల స్థానంలోనో ఎక్కడో ఒక అంకె ఇలా ఒకటి తగ్గినా, ఒక్క చిన్న మూడు దాన్ని బయటపెట్టేస్తుంది. ఛందస్సుకు అందని తప్పును గణితం పట్టింది. నేనింతకాలం కారణాంకాలంటే పరీక్షలో మార్కుల కోసం విడగొట్టేవనుకున్నాను. అవి సంఖ్యకు కాపలాదారులు కూడా.

ఈ సంఖ్యకు కాపలా ఒక్క మూడే కాదు. మిగతావాళ్లను, ముగ్గురం అన్నమయ్య ఊరు తాళ్లపాక పోయేటప్పుడు, సారు ఆటోలో పరిచయం చేశారు. ఏ సంఖ్యనైనా దానితోనే గుణించి ఒకటి తీసేస్తే, ఆ సంఖ్యకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఈ రెంటి లబ్ధం వస్తుంది. ఏడేడులు నలభై తొమ్మిది, ఒకటి తీస్తే నలభై ఎనిమిది, అది ఆరెనిమిదులు. పొద్దున మేం నడిచిన ఆరు గుణకారాల దారిలో తగిలిన సంఖ్యలు 2, 4, 16, 256, 65,536, 429,49,67,296. ఒక్కోదానికి ఒకటి కలపండి. 3, 5, 17, 257, 65,537, 429,49,67,297. ఈ ఆరింటినీ గుణిస్తే సరిగ్గా పావులూరి వారి సంఖ్య. నడిచిన దారే కట్టడంలో రాళ్లయింది. ఆటో కుదుపుల్లో ఒళ్లో కాగితం పెట్టుకుని చిన్న కొసల నుంచి గుణించి చూశాను. 3 × 5 అంటే 15, నాలుగు గళ్ల మొత్తం. 17తో గుణిస్తే 255, ఎనిమిది గళ్ల మొత్తం. 257తో గుణిస్తే 65,535, పదహారు గళ్లు. పలక ప్రతిసారీ రెట్టింపయి పరుచుకుంటోంది.

తాళ్లపాక రాజంపేటకు ఐదారు కిలోమీటర్లు. హైవే పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం. ఆయన ఆరు వందలవ జయంతి ఏడాది 2008లో నిలబెట్టారు. ఊళ్లో చెన్నకేశవుడి గుడి, దాని దగ్గరే సిద్ధేశ్వరుడి గుడి. మధ్యాహ్నం కావడంతో జనం లేరు. మండపం నీడలో రాతి బండ మీద కూర్చున్నాం. బండ మీద ఎవరో ఎప్పుడో పులిజూదం గీతలు చెక్కారు. అవి చూసి సారు, "మనోళ్లకు ఆట కనిపించిన చోటల్లా లెక్క కనిపిస్తాది," అన్నారు.

అన్నమయ్య పాటలు 32,000 అని ప్రసిద్ధి. అది భక్తులు గౌరవానికి చెప్పుకునే అంకె అని అనుకునేవాళ్లున్నారు. రాగిరేకు మీద చెక్కిన మాట చూస్తే ఆయన 1424లో, పదహారో ఏట మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా పాడాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. రోజులు లెక్కిస్తే 28,850 పైచిలుకు. 32,000 పాటలంటే రోజుకు ఒకటి, తొమ్మిది పది రోజులకోసారి రెండు. మనిషికి అసాధ్యం కాదు, కానీ ఒక్క రోజూ ఖాళీ పోకూడదు. మిగిలినవి పద్నాలుగు వేల దాకా. రాగిరేకుల మీదికి ఎక్కినవి తిరుమల ఆలయంలో సంకీర్తనా భాండారంలో ఉండి, 20వ శతాబ్దంలో బయటికొచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి కష్టంతో మన చేతికందాయి. సంకీర్తనకు లక్షణం చెబుతూ అన్నమయ్య సంస్కృతంలో రాసిన గ్రంథం పోయింది. మనవడు చినతిరుమలాచార్యుడు తెలుగు చేయబట్టి దాని సారం మిగిలింది. మాటను ఏదో ఒకటి మోయాలి: రాగి, తాటాకు, లేకపోతే ఛందస్సు.

ఛందస్సు మాట వచ్చాక సారు ఆగలేదు. "మన పద్యం చంపకమాల గదా. చంపకమాలకు పాదానికి ఎన్ని అక్షరాలు?" ఇరవై ఒకటి. ఒక్కో అక్షరం గురువు కావచ్చు, లఘువు కావచ్చు. ఒక అక్షరానికి రెండు రకాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. ఇరవై ఒక్క అక్షరాలకు 20,97,152 వృత్తాలు. ప్రకృతి ఛందస్సు అంటే అదే. "పలక మీద ఆ సంఖ్య యాడుండాదో చూడు." ఇరవై రెండో గడి. పదిలక్షలకు ఇంకో రెట్టింపు, నలభై రెండు కిలోల బియ్యం. అంటే చదరంగం లెక్కను మోస్తున్న పద్యమే చదరంగం పలక మీద ఒక గడిలో ఒక గింజ!

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కవి గణితాన్ని పద్యంలో పెట్టాడని మెచ్చుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. పద్యం అప్పటికే గణితం. లక్షణ గ్రంథాలు ఒక అక్షరం నుంచి ఇరవై ఆరు అక్షరాల దాకా ఇరవై ఆరు ఛందస్సులు చెప్పి మొత్తం వృత్తాలు 13,42,17,726 అంటాయి. అది కూడా ఈ కూడికే: రెండు, నాలుగు, ఎనిమిది, ఇలా ఇరవై ఆరుసార్లు. పావులూరి మల్లన లాంటివాడికి గడులు నింపడం కొత్త పని కాదు. గురులఘువుల ప్రస్తారం నేర్చిన రోజే అతని చేయి ఆ లెక్కకు అలవాటు పడి ఉండాలి.

"ఆ ఇరవై లక్షల గింజల్లో చంపకమాల ఎన్నోదో చెప్పు," అని మనవరాలిని అడిగారు. దానికి ఉద్దిష్టమని పేరు. అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 రాసుకుంటూ పోయి, లఘువుల మీద ఉన్నవన్నీ కూడి, ఒకటి కలపాలి. ఆమె గణాలు రాసింది: న, జ, భ, జ, జ, జ, ర. నాలుగు లఘువులతో మొదలు, 15. కూడుతూ పోయి 7,11,599 దగ్గర ఆగి, ఒకటి కలిపి 7,11,600 అంది. లక్షణ గ్రంథాల్లో ఉన్న సంఖ్య అదే. గురువును సున్నా, లఘువును ఒకటి అనుకుంటే తాము కాలేజీలో చేసే బైనరీ ఇదేనని ఆమె తనంతట తానే అంది. ఎవరూ చెప్పలేదు.

పొద్దు వాలుతుంటే అత్తిరాల పోయాం. పరశురామేశ్వరుడి గుడి పక్కనే చెయ్యేరు. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరై పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. 2021 నవంబరు 19న ఎగువన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఈ ఏరే పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల మీద పడింది. మా ఆటో అతని బంధువులు ఆ ఊళ్లలో ఉన్నారు. ఆనాటి మాట చెబుతూ అతను బండి ఆపి కొంచెంసేపు ఊరుకున్నాడు. మేమూ ఊరుకున్నాం.

ఏట్లోకి దిగాక సారు పుల్ల తీసుకుని ఇసుకలో 429,49,67,297 అని గీశారు. ఆరు రాళ్లలో ఆఖరిది. మిగతా ఐదూ, 3, 5, 17, 257, 65,537, ప్రధానసంఖ్యలు, ఇంక పగలవు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధానాలేనని నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆరోదాన్ని పగలగొట్టాడు. 641తో పోతుందన్నాడు. 641 ఎందుకో సారు ఇసుకలో చూపించారు. ఐదు నూటిరవై ఎనిమిదులు 640, 641కి ఒకటి తక్కువ. 625, 16 కలిపినా 641. ఈ రెండు సంగతులే చాలు. 640ని నాలుగుసార్లు గుణిస్తే, 641తో భాగించినప్పుడు శేషం ఒకటి, ఎందుకంటే ఒకటి తక్కువను ఒకటి తక్కువతో గుణిస్తే మళ్లీ ఒకటి. ఆ లబ్ధంలో ఐదులు నాలుగు, అంటే 625. రెండులు ఇరవై ఎనిమిది. 625 అంటే 641కి 16 తక్కువ. 625 తీసి ఆ తక్కువ పదహారు పెడితే, పదహారులోని నాలుగు రెండులు చేరి రెండులు ముప్పై రెండవుతాయి, గుర్తు రుణం. రెండును ముప్పై రెండుసార్లు గుణించిన ఫలానికి రుణం పెడితే శేషం ఒకటి. కాబట్టి ఆ ఫలానికి ఒకటి కలిపితే 641తో నిశ్శేషంగా పోతుంది. భాగహారం ఒక్కటీ చేయలేదు. మిగిలిన ముక్క 67,00,417, అదీ ప్రధానమే.

అలా పావులూరి సంఖ్యకు ఏడుగురు కాపలాదారులు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాదు. కావాలంటే తీసుకో, వద్దంటే వదిలేయి అని ఏడింటితోనూ ఆడితే భాజకాలు 128. ఎనిమిదో గడిలో పొద్దున మేం పోసిన గుట్ట అంత.

ట్రాక్టరు ఒకటి ఇసుకతో గట్టెక్కుతోంది. మనవరాలు దాన్ని చూసి ఫోను తీసింది. అర మిల్లీమీటరు రేణువు అనుకుంటే ఘనపు మీటరులో ఎనిమిది వందల కోట్లు. ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు. పావులూరి వారి సంఖ్యకు సరిపడా రేణువులు కావాలంటే డెబ్బై ఆరు కోట్ల ట్రాలీలకు పైనే. ఐదు వందల మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల లోతు ఇసుక ఉన్న ఏరు అనుకున్నా తొమ్మిది వందల కిలోమీటర్లు తవ్వాలి. చెయ్యేరు చాలదు, మొత్తం పెన్న కూడా చాలదు.

కడప బస్సెక్కించేటప్పుడు సారు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. మహావీరాచార్యుడు కంఠాభరణాలని పేరు పెట్టిన గుణకారాలు. 1,52,207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 2,79,94,681ను 441తో గుణిస్తే 12345654321, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. "ఇవి మీ ఊరి పిల్లోళ్లకు ఇయ్యి. ఫోను వద్దు, కాగితం మీద చెయ్యమను," అన్నారు.

బస్సు ఒంటిమిట్ట చేరేసరికి మనవరాలి మెసేజి వచ్చింది. ఇంటికి పోయి మిగతా వృత్తాలకూ ఉద్దిష్టం కట్టింది. శార్దూలం 1,49,337. మత్తేభం 2,98,676. ఉత్పలమాల 3,55,799. కింద ఇంకో వాక్యం: "అంకుల్, ఉత్పలమాలను రెట్టించి రెండు కలిపితే చంపకమాల వస్తాంది. ఎందుకు?"

ఉత్పలమాల మొదటి గురువును విరిచి రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది. అక్షరం ఒకటి పెరిగింది గనక తక్కిన లఘువులన్నీ ఒక్కో గడి ముందుకు జరిగి రెట్టింపయ్యాయి. కొత్త లఘువులు రెండూ మొదటి రెండు గళ్లలో కూర్చుని ఒకటి, రెండు తెచ్చాయి. మూడు. లెక్క చివర కలిపే ఒకటి కూడా రెట్టింపులో రెండుసార్లు పడింది, అందులో ఒకటి తీసేయాలి. మిగిలింది రెండు. అదే రాసి పంపాను.